నీళ్ల ముంత వద్దన్న ఎర్రయ్య

బెల్లం వండే చోట పెనం పక్కన ఎప్పుడూ ఒక నీళ్ల ముంత ఉంటుంది. చెరుకు రసం కాగి కాగి, మడ్డి తీసిన కొద్దీ తేటపడి, బుడగలు బరువుగా పేలడం మొదలైనప్పుడు వండే మనిషి తన రెండు వేళ్లను ఆ ముంతలో ముంచుతాడు. తడి ఆరకముందే పెనంలో పెట్టి, చిటికెడు పాకం తీసి, మళ్లీ ముంతలో ముంచేస్తాడు. ఆ పాకం వేళ్ల మధ్య ఉండలాగా తిరిగితే పెనం దించాలి. ముదిరితే బెల్లం రాయి అవుతుంది. లేతగా దించితే వానాకాలంలో కారిపోతుంది. చందూరు నుంచి బోధన్ దాకా చెరుకున్న ప్రతి ఊళ్లోనూ ఇదే పద్ధతి. ఎంత చేయి తిరిగినవాడికైనా ముంత ఉండాల్సిందే.

ఎర్రయ్యకు అక్కర్లేదు. పొడి వేళ్లు అట్లాగే పెనంలో పెట్టేవాడు. తీసిన పాకాన్ని తీరిగ్గా ఉండ చేసి, చుట్టూ నిలబడ్డ మా ముఖాల కేసి చూసి నవ్వేవాడు.

నేను 1957లో చందూరు దగ్గరి ఒక పల్లెకు మిషను బడి పంతులుగా వచ్చాను. మా తాత కాలం నుంచి మేము క్రైస్తవులం. వచ్చిన మొదటి చలికాలమే ఎర్రయ్య వంట చూశాను. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లుంటాయి. సెంటు భూమి లేదు, చెరుకు లేదు, గానుగ లేదు. రైతులు పిలిస్తే వెళ్లి వండి వచ్చేవాడు.

"కాలదా ఎర్రయ్యా?" అని అడిగాను.

"నిప్పు నాకు సుట్టం సారు. సుట్టం సుట్టాన్ని కరుస్తదా?" అన్నాడు.

ఊళ్లో వాళ్లు అది ఎల్లమ్మ తల్లి ఇచ్చిన చెయ్యి అనేవాళ్లు. పక్క ఊళ్ల వాళ్లు పనిగట్టుకుని చూడటానికి వచ్చేవాళ్లు. అచ్చుల్లో పోసిన బెల్లం గట్టిపడే ముందు ఎర్రయ్య ఒక్కో ముద్ద మీద తన బొటనవేలు నొక్కి వదిలేవాడు. వండేవాళ్లు తమ గుర్తు వేయడం మా వైపు అలవాటే గానీ, ఎర్రయ్య గుర్తు లోతుగా, కుదురుగా, అన్ని ముద్దల మీదా ఒక్క తీరుగా పడేది. నిజామాబాద్ గంజి బజారులో వర్తకులు ఆ గుంటలో తమ బొటనవేలు పెట్టి చూసి, "గిది ఎర్రయ్యది" అని ముందు దాన్నే పక్కకు తీయించేవాళ్లు.

నా సిగ్గుల్లో మొదటిది ఇక్కడే చెప్పేస్తాను. ఒక ఆదివారం బడిలో పిల్లలకు, బైబిల్లో మండే కొలిమిలో వేసినా వెంట్రుక కూడా కాలని ముగ్గురు యువకుల సంగతి చెబుతున్నాను. పిల్లలు నమ్మినట్టు కనిపించలేదు. "ఎందుకు నమ్మరు? మన ఎర్రయ్యను చూడలేదా?" అన్నాను. అందరూ ఒక్కసారిగా నమ్మారు. ఆ రోజు నా పాఠం ఎంత బాగా కుదిరిందో అని ఇంటికి వచ్చి నా భార్యకు కూడా చెప్పుకున్నాను.

ఎర్రయ్య భార్య నర్సవ్వ ఒక్కతే ఈ మహిమను లెక్కచేసేది కాదు.

"ఈనది చెయ్యి గాదు సారు, అట్లకాడ," అనేది. "మొన్న పొయ్యిలకు కట్టె ఎగదోసుకుంట గింత బొబ్బ తెచ్చుకున్నడు. నేను సూసి మొత్తుకుంటే గని ఆయనకు ఎర్క లేదు."

"నీ మొత్తుకోలుకే బొబ్బ వచ్చింది," అనేవాడు ఎర్రయ్య.

ముగ్గురం నవ్వేవాళ్లం. బాగా గుర్తుంది, కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం.

1961లో లక్ష్మీరాజం ఊరి చివర బెల్లం కార్ఖానా మొదలుపెట్టాడు. ఎద్దులు తిప్పే గానుగ కాదు, ఇంజను గానుగ. ఒకటి కాదు, వరసగా నాలుగు పొయ్యిలు. ఆయన పెద్ద రైతు, మాట నిదానం, మనిషి మర్యాద గలవాడు. ఎర్రయ్యను ఇంటికి పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడాడు.

"నాలుగు పొయ్యిలకు నువ్వే మేస్త్రివి ఎర్రన్నా. పనోళ్లంత నీ కిందనే. కార్ఖానా పక్కకు రెండర్రల పెంకుటిల్లు కట్టిస్తున్న, నువ్వూ నర్సవ్వా ఉండుండ్రి. బెల్లం సంచులు ఉంటయి సూడు, వాటి మీద నీ బొటనవేలు గుర్తునే అచ్చు కొట్టిస్త."

ఆ రోజు నుంచి ఎర్రయ్య నేల మీద నడిచినట్టు నాకు కనిపించలేదు. ఆ ఇంటికి గోడలు లేస్తుంటే రోజూ పొద్దున పోయి నిలబడేవాడు. తాపీ పనివాళ్లకు అడ్డం పడేవాడు. ఒకసారి నర్సవ్వను, నన్నూ వెంటబెట్టుకుపోయి, ఇంకా తలుపులు లేని గుమ్మంలోంచి చూపించాడు.

"గిది వంటర్ర. గిది మనం పండే అర్ర. గీ కిటికీ తీస్తే నాలుగు పొయ్యిలు కానొస్తయి. మంచంల నుంచే సూస్త, ఏ పెనం పొంగుతుందో."

"మంచంల నుంచి పెనం సూస్తవు. నన్నెప్పుడు సూస్తవు?" అంది నర్సవ్వ.

ఎర్రయ్య సిగ్గుపడి నన్ను చూశాడు. నేను కిటికీని చూశాను.

కూలికి పోయి వండి వచ్చే మనిషి, తన వేలి గుర్తు సంచుల మీద ఊళ్లు తిరుగుతుందని కలగన్నాడు. అంతకంటే పెద్ద కల అతనికి ఎన్నడూ లేదు. అంతకంటే చిన్నదీ లేదు.

కార్ఖానా తెరిచే రోజుకు జ్ఞానమ్మక్క మా ఇంట్లో ఉంది. ఆమె మా పెద్దమ్మ కూతురు. నిజామాబాద్ అవతల మిషను వాళ్ల కుష్ఠు దవాఖానలో నర్సు. నాలుగు రోజుల సెలవు మీద వచ్చి మా ఇంట్లో హాయిగా నిద్రపోవాలనుకుంది. నేను పోనివ్వలేదు. "మా ఊరి వింత చూడవా అక్కా, కాగే పాకంలో చెయ్యి పెడతాడు," అని ఆమెను లాక్కుపోయింది నేనే. ఈ మాట దాచిపెడితే ఇంక ఈ కథ చెప్పడం దండగ.

పొద్దున తొమ్మిది గంటలకు ఊరంతా అక్కడే ఉంది. మామిడాకులు కట్టారు. ఇంజను దడదడలాడుతోంది. లక్ష్మీరాజం ఎర్రయ్య మెడలో కాకుండా కుడిచేతి మణికట్టుకు పూలదండ చుట్టాడు. అందరూ ఈలలు వేశారు. మొదటి పెనం పాకానికి వచ్చింది. ఎవరో సంగతి తెలియనివాడు పాపం, పక్కన నీళ్ల ముంత పెట్టాడు. ఎర్రయ్య దాన్ని కాలితో అవతలికి నెట్టాడు. ముంత దొర్లి నీళ్లు పారాయి. జనం ఇంకా గట్టిగా ఈలలు వేశారు. అతను పొడి చెయ్యి పెట్టాడు, తీశాడు, పాకాన్ని ఉండ చేసి పైకెత్తి చూపించాడు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేను. పక్కన జ్ఞానమ్మక్క కొట్టడం లేదు. అతని చెయ్యిని చూస్తోంది. పాకం అంటిన చోట తోలు ఊడి, లోపల ఎర్రగా కనిపిస్తోంది. అతను దాన్ని పంచెకు తుడుచుకుని, పెనం దించిన పాకాన్ని అచ్చుల్లో పోసి, ముద్దల మీద గుర్తు నొక్కి, ముందు వరస వాళ్లకు వేడి ముక్కలు పంచాడు.

ఆమె నేల మీద పడి ఉన్న ఒక కోడి ఈకను ఏరుకుని అతని ముందుకు పోయింది.

"ఎర్రయ్యా, కండ్లు మూసుకో. నేను ఎక్కడ ముట్టిన్నో వేలు పెట్టి చూపెట్టాలె."

"గిది గూడ ఆటనేనా అక్కా?" అని అతను సంబరంగా కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. జనం దగ్గరికి జరిగారు.

జ్ఞానమ్మక్క ఈక కొసతో అరచేతిలో తాకింది. చిటికెన వేలు మీద తాకింది. మణికట్టు దగ్గర, మోచేతి కింద ఉన్న లేత రంగు మచ్చ మీద తాకింది. ఎర్రయ్య నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. ఈకను తిప్పి మొద్దు కొసతో నొక్కింది. మరోసారి నొక్కింది. ఈలలు ఆగిపోయాయి. ఇంజను చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఇంకెప్పుడు ముట్టుతవక్కా?" అన్నాడు ఎర్రయ్య.

ఆమె ఈక కింద పడేసింది. అతను కళ్లు తెరిచి మా ముఖాలు చూశాడు. మా ముఖాల్లో ఏముందో నాకు తెలియదు, కానీ అతని నవ్వు మెల్లగా ఎలా దిగిపోయిందో మాత్రం చూశాను. జ్ఞానమ్మక్క ఎక్కడ పని చేస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు. నేనే చెప్పాను. ముందు వరసలో ఒక ముసలామె చేతిలోని వేడి బెల్లం ముక్కను నేల మీద పెట్టి, కొంగుతో వేళ్లు తుడుచుకుంది. ఆమెను చూసి ఇంకొకామె. జనం వెనక్కి జరగడం అప్పుడు మొదలైంది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ అరవలేదు. తిట్టినా బాగుండేది. లక్ష్మీరాజం తల వంచుకుని ఇంజను ఆపమన్నాడు.

ఆ రోజు నేను ఇంటికి పోయి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. నాలుగేళ్లుగా అతని బెల్లం తిన్నవాణ్ణి. తలుపు వేసుకుని పిన్నుతో పది వేళ్లూ గుచ్చుకుని చూసుకున్నాను. పదీ నొప్పి పెట్టాయి. మోకాళ్ల మీద పడి దేవునికి స్తోత్రం చెప్పాను. నేను జీవితంలో చేసిన ప్రార్థనల్లో దాన్ని మాత్రం వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

మర్నాడు మొదటి పెనం బెల్లాన్ని, ఎర్రయ్య గుర్తు పడ్డ ముద్దలన్నిటినీ, కాలువలో పోశారు. మూడో రోజు ఎర్రయ్య స్నానం చేసి ఉతికిన పంచె కట్టుకుని కార్ఖానాకు పోయాడు. గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల వేరే ఊరి నుంచి వచ్చిన మనిషి వండుతున్నాడు. అతని పక్కన ముంత ఉంది. ఎర్రయ్య చాలాసేపు ఆ ముంతనే చూసి వెనక్కి తిరిగాడట. నాలుగో రోజు నవీపేట నుంచి నర్సవ్వ అన్న వచ్చాడు. ఆమె ఏడుస్తూ బండి ఎక్కింది. తానుగా ఎక్కిందో, ఎక్కించారో నేను చూడలేదు. చూడాల్సి వస్తుందనే బడి నుంచి బయటికి రాలేదు.

జ్ఞానమ్మక్క సెలవు అయిపోయినా కదల్లేదు. నా మీద ఆమె కోపం ఒక ఎత్తు, తన మీద ఇంకో ఎత్తు.

"పదేండ్ల నుంచి ఈ పని చేస్తున్న. నలుగుట్ల ఎవరినీ పరీక్ష చెయ్యొద్దని కొత్త పిల్లలకు నేనే చెప్త," అంది. "బజార్ల నిలబెట్టి ఆ మనిషిని చంపిన. ఈ పాపం నాదిరా తమ్మీ."

ఆమె ఎర్రయ్య గుడిసె ముందు పోయి కూర్చుంది. అతను తలుపు తీయలేదు. రెండో రోజూ కూర్చుంది. నేను దూరంగా చెట్టు కింద నిలబడ్డాను, దగ్గరికి పోయే ధైర్యం లేక. మూడో రోజు లోపలి నుంచి మాట వచ్చింది.

"నువ్వు ఎందుకు గూసున్నవక్కా? ఇంకా ఏమన్న మిగిలిందా తీసుకపోనీకి?"

"మాఫీ అడుగుదామని గూసున్న," అంది జ్ఞానమ్మక్క. "నేను ముట్టింది తప్పు గాదు. అందరి ముందట ముట్టింది తప్పు."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆమె అతని కాలిన చెయ్యిని తన ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టింది. మర్నాడు బస్సులో పక్కనే కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ రోగం ఆగింది. చేదు మాత్రలు ఆపాయి. కానీ కాలి కాలి పుండ్లు పడ్డ వేళ్లు ఆగలేదు. కుడిచేతి బొటనవేలు సగం పోయింది, చూపుడు వేలు మొత్తం పోయింది, మిగిలినవి లోపలికి ముడుచుకున్నాయి. నేను రెండు మూడు నెలలకోసారి చూడటానికి పోయేవాణ్ణి. పోయినప్పుడల్లా నాకు ఏదో ఒక తొందర పని గుర్తొచ్చేది. ఎర్రయ్యతో మాట్లాడటం కష్టం. చెయ్యిని గుడ్డ కింద దాచుకుని గోడ వైపు చూస్తూ ఉండేవాడు.

"మీ దేవుడు మంచోడే గావొచ్చు సారు," అన్నాడు ఒకసారి. "నాకు ఎల్లమ్మ చెయ్యి ఇచ్చిందన్నరు. ఆమె ఇయ్యలె. మీరు మీ దేవుడు కాపాడిండని పిల్లలకు జెప్పిండ్రు. ఆయన కాపాడలె. అది బిమారి. ఊకె బిమారి. దాన్ని నేను నాలుగూళ్లల్ల సూపెట్టుకుంట తిరిగిన."

బస్సు టైమైందని లేచాను. ఇంకా గంటన్నర ఉంది.

దవాఖాన ఆవరణలో చిన్న గుడి ఉంది. హనోకు అయ్యగారు దానికి పాదిరి. సన్నగా, దగ్గుతూ ఉండే మనిషి. నెలకోసారి రాత్రి భోజన సంస్కారం జరిగేది. పేరు అదే గానీ జరిగేది పొద్దున ఆరాధనలోనే. రొట్టె ముక్క, ఎండు ద్రాక్షల రసం. రోగులందరూ మోకాళ్ల మీద వరసగా ఉంటే, అయ్యగారు ఒకే గిన్నెను ఒక్కొక్కరి పెదవులకు అందించేవారు. నేను ఒకసారి ఆ ఆదివారం చిక్కుకున్నాను. గిన్నె దగ్గరపడుతుంటే దగ్గు నటిస్తూ బయటికి వచ్చేశాను. మూడు తరాల క్రైస్తవుణ్ణి. చెప్పులేసుకుంటుంటే, గుడి బయట కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూస్తున్న ఎర్రయ్య కనిపించాడు. అతను నన్ను చూశాడు.

తర్వాతి సారి పోయినప్పుడు అతనే మాట మొదలుపెట్టాడు.

"సారు, అందరూ తాగినంక గిన్నెల ఇంత మిగులుతది. దాన్ని ఏం జేస్తరు, మీకెర్కనా?"

"పారబోయకూడదు. అయ్యగారే తాగుతారు."

"తాగిండు సారు. నేను సూసిన. యాభై మంది మూతి పెట్టినంక, ఆఖరుకు గాయన తాగిండు. మా అన్న నా సెంబు ముట్టలె. నా పెండ్లాం అన్న నా గుడిసె నీడల నిలవడలె. గాయన ఎట్ల తాగిండు?"

ఎర్రయ్య అంత తొందరగా నమ్మే మనిషి కాదు. వండేవాడు పాకాన్ని పరీక్షించినట్టు ఈ సంగతినీ పరీక్షించాడు. రెండో నెల కిటికీ వదిలి గుమ్మం దగ్గర కూర్చున్నాడు, అయ్యగారు ముందు గుడ్డతో అంచు తుడుస్తారేమో చూద్దామని. తుడిచారు, కానీ ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య తుడిచినట్టే తుడిచారు, వేరేగా కాదు. మూడో నెల ఇంకా ముందుకు జరిగాడు, తాగినట్టు నటించి పక్కకు ఒంపుతారేమో చూద్దామని. అయ్యగారి గొంతు కదలడం చూశాడు. ఆరాధన అయ్యాక పోయి గిన్నె చూపించమని అడిగాడు. అయ్యగారు బోర్లించి చూపించారు. చుక్క లేదు.

"నీకు భయం గాదా అయ్యగారూ?"

హనోకు అయ్యగారు అబద్ధం చెప్పలేదు. "మొదట్ల మస్తు భయమయ్యింది. మొదటి నెల తాగి పోయి, గుడి ఎనుక కక్కుకున్న. ఇంట్ల గూడ చెప్పలె."

"మరి ఎందుకు ఇడిసిపెట్టలె?"

"యేసు ప్రభువు దగ్గరికి నీ అసొంటి బిమారి ఉన్న మనిషి వచ్చిండు, ఎర్రయ్యా. ప్రభువు ఒక్క మాటంటే బాగయ్యేది. కానీ ముందుగాల చెయ్యి చాపి ముట్టిండు. ముట్టినంక బాగు చేసిండు. బాగయ్యేదాక ఆగి ముట్టలె. నాకు బాగు చేసే శక్తి లేదు. ముట్టుడన్న చేద్దామని."

ఇది నాకు చెప్పేటప్పుడు ఎర్రయ్య గుడ్డ కింద నుంచి చెయ్యి బయటికి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అదే మొదటిసారి.

ఇక్కడితో అంతా బాగైపోయిందని చెప్పగలిగితే నాకూ బాగుండేది. 1965లో, రోగం పూర్తిగా పోయిందని, ఇతని వల్ల ఎవరికీ అంటదని డాక్టరు కాగితం రాసి ఇచ్చాడు. ఎర్రయ్య దాన్ని అట్టముక్కల మధ్య పెట్టుకుని ఊరికి వచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని లక్ష్మీరాజం దగ్గరికి పోయాడు. మేస్త్రి పని అడగలేదు. పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసే పని ఏదన్నా ఇమ్మన్నాడు. కాగితం మొదటి నుంచి చివరిదాకా నేను గట్టిగా చదివాను. లక్ష్మీరాజం అంతా విన్నాడు.

"కాయిదం మంచిగనే ఉన్నది సారు. నాకు నమ్మకమే," అన్నాడు. "బెల్లం దినేటోళ్లు కాయిదం సదువుతరా?"

ఆయన్ని నేను తప్పు పట్టలేను. వెనక్కి వస్తుంటే ఆ రెండర్రల పెంకుటిల్లు దారిలోనే ఉంది. అందులో వేరే మేస్త్రి పిల్లలు ఆడుకుంటున్నారు. కిటికీ తెరిచి ఉంది. ఎర్రయ్య అక్కడ ఆగాడు. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాను.

"పోదాం పా సారు," అన్నాడు చివరికి. "నాకు ఊరు లేదు. నా వేళ్లు నాకు మళ్ల ఇయ్యమని దేవున్ని మూడేండ్లు అడిగిన, ఇయ్యలె. నర్సవ్వను మళ్ల ఇయ్యమన్న, ఇయ్యలె. కానీ నేను ఒక్కన్నే ఉన్నననైతే అనిపిస్తలేదు. గా గిన్నెల ఆఖరుకు మిగిలింది తాగేటోడు ఒకడున్నడని మనసుల వడ్డది. అది పోతలేదు. ఇప్పుడు గూడ పోతలేదు, సూసిన."

ఆ క్రిస్మస్‌కు బాప్తిస్మం తీసుకున్నాడు. పేరు మార్చుకుంటావా అని అడిగితే వద్దన్నాడు. "గంజిల గీ పేరే ఎర్క," అన్నాడు. గంజిలో ఆ పేరు ఎవరూ తలచడం లేదని చెప్పే మనసు మాకు ఎవరికీ రాలేదు.

దవాఖాన వంటింట్లోనే పని దొరికింది. చెక్క పిడికి గుడ్డ చుట్టిన పొడుగాటి గంటెలు జ్ఞానమ్మక్క చేయించింది. నిప్పు దగ్గర వేలు పెడితే తంతానని కూడా చెప్పింది. ఒకసారి సంస్కారానికి ఎండు ద్రాక్షల రసం కాచే పని అయ్యగారు ఇతనికి అప్పగించారు. ఎర్రయ్య ముందురోజు ఉపవాసం ఉన్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక పాకం అతని చేతికి వచ్చింది. ఇంకేం, వదల్లేకపోయాడు. కాచి కాచి, తీగ వచ్చేదాకా కాచాడు. ఆదివారం గిన్నె వంచితే రసం రాలేదు. నిదానంగా, తేనెలాగా, బయలుదేరాలా వద్దా అన్నట్టు వచ్చింది. మొదటి వరస వాళ్ల పెదవులు అతుక్కున్నాయి. ఆమెన్ అనడానికి నోళ్లు తెరుచుకోలేదు. ఆ వరసలో నేనూ ఉన్నాను, ఈసారి దగ్గు నటించకుండా. ఇక హనోకు అయ్యగారు చివర మిగిలినదాన్ని తాగలేక, చెంచా తెప్పించుకుని గీరుకుని తిన్నారు. ఆరాధనలో నవ్వకూడదని నేనే ఎన్నోసార్లు పిల్లలను కొట్టాను. ఆ రోజు అందరికంటే ముందు నవ్వింది నేను. ఎర్రయ్య మాత్రం నవ్వలేదు. గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. అతని చేతి పాకం మనుషులు తిని ఏడేళ్లయింది.

నర్సవ్వ 1968 నుంచి ఏటా ఒకసారి వచ్చేది, అన్నకు చెప్పకుండా. బియ్యం మూట తెచ్చి ఆవరణ గోడ మీద పెట్టి, నాలుగు గజాల దూరంలో కూర్చునేది. నవీపేటలో నాట్లకు పోతున్నానని, నడుము నొప్పి అని చెప్పేది. అతను నీళ్లు ఇస్తే తాగేది కాదు. దప్పి లేదనేది. నడి ఎండలో రెండు మైళ్లు నడిచి వచ్చి.

1971లో దవాఖాన వెనక కాస్త చెరుకు వేశారు. ఎర్రయ్య చిన్న పెనం పెట్టించుకున్నాడు. పక్కన నీళ్ల ముంత పెట్టుకున్నాడు. గంటెతో చుక్క తీసి ముంతలో వేసేవాడు. అది నీళ్లలో విరిగిందా, నిలిచిందా అని వంగి చూసేవాడు. వేళ్లు చెప్పేదాన్ని కళ్లు సగమే చెప్పేవి. దవాఖాన వాళ్లు తిన్నారు, అయ్యగారు తిన్నారు, నేను తిన్నాను. ఆ ఏడు నర్సవ్వ వచ్చినప్పుడు ఒక ముద్దను ఆకులో చుట్టి గోడ మీద పెట్టి, తాను వెనక్కి జరిగాడు.

ఆమె దాన్ని తీసి కొంగున ముడి వేసుకుంది. తినలేదు. "పోయొస్త," అంది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నిజామాబాద్ దాకా ఒకే బస్సులో వచ్చాం. కంఠేశ్వర్ దగ్గర బస్సు ఆగినప్పుడు ఆమె కొంగు ముడి విప్పింది. పారేస్తుందనుకున్నాను. కిటికీ పక్కనే కూర్చుంది మరి.

"వేలు గుర్తు లేదు సారు దీని మీద," అంది.

"వేలు లేదు కదా నర్సవ్వా."

ఆమె ముద్ద అంచును కొరికింది. నములుతూ ఆగింది. మళ్లీ కొరికింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"పాకం జర ముదిరింది," అంది. సగం తిని, మిగతాది మళ్లీ ముడి వేసుకుంది. బస్సు దిగేటప్పుడు వెనక్కి తిరిగి, "ఆయనకు జెప్పకుండ్రి సారు. ఆశ వడతడు," అంది.

నా నోటి సంగతి ఆమెకు తెలియదు. వారం తిరక్కుండా పోయి చెప్పేశాను. ఎర్రయ్య పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. ఏడుస్తాడనుకుని నేను చేతిరుమాలు కూడా తీసి పెట్టుకున్నాను. అతను అడిగింది ఒక్కటే.

"పాకం ఎట్లున్నదన్నది?"

"కొంచెం ముదిరిందంది."

గంటెతో బూడిద కదిపాడు. "అవు. ముదిరింది. నాకు ఎర్కనే," అన్నాడు. "ఇక్కడ గిందరు తిన్నరు, మీరు తిన్నరు, ఒక్కరు గూడ జెప్పలె. ఆమెకు గాకుంటే ఇంకెవరికి ఎర్కయితది?"

లేచి, రెండు అరచేతుల మధ్య ముంతను పట్టుకుని కడిగాడు. నీళ్లు వంపి గోడ మీద బోర్లించాడు.

"మాఘంల మల్ల చెరుకు గొడతం. గీసారి లేతగ దించుత. గీ మాట ఆమెకు జెప్పకుండ్రి సారు."

చెప్పనని మాట ఇచ్చాను. తర్వాతి ఆదివారం గుడి అయిన వెంటనే నవీపేట బస్సు ఎక్కాను.